కొండమీద క్యాష్

నోటికిచ్చిన మత్తు దిగేదాకా ఆగి వచ్చి ఉంటే ఆ మనిషి చెప్పింది నాకు సగమైనా అర్థమయ్యేది. ఆయన ఆగలేదు. పన్ను పీకించుకుని, కుడి బుగ్గలో దూది కుక్కుకుని, డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా మా ఆఫీసుకి వచ్చేశాడు.

అప్పట్లో నేను విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసేదాన్ని. కింద కొబ్బరితాళ్ల హోల్‌సేల్ కొట్టు, పైన మేము. రేవులోకి వచ్చిన ఓడకి మంచినీళ్లు కావాలన్నా, కూరగాయలు కావాలన్నా, ఓడలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా మా ఆఫీసే చూసేది. ఆయన స్టీల్ ప్లాంటుకి బొగ్గు తెచ్చిన ఓడలో సెకండాఫీసరు. ఫిలిప్పీన్స్ మనిషి, నలభై ఏళ్లుంటాయి. పంటినొప్పి అంటే సీతమ్మధారలో మా వదిన పనిచేసే క్లినిక్‌కి నేనే పంపించాను. వదిన అంటే మా ఆయన అక్కగారు. మేమంతా ఒకే ఇంట్లో కిందా పైనా ఉండేవాళ్లం. క్లినిక్‌లో ఆవిడ ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇచ్చేది.

ఆయన నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, జేబులోంచి పసుపుపచ్చని చిన్న యంత్రం తీసి బల్లమీద పెట్టాడు. సబ్బుపెట్టె అంత ఉంది. చిన్న గాజు తెర, దానిమీద ఓ బాణం గుర్తు. ఇంగ్లీషులో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మామూలుగానే ఆయన ఇంగ్లీషు పట్టుకోవడం కష్టం. ఆ పూట సగం నోటితో మాట్లాడుతున్నాడు. నాకు చేరిన ముక్కలివి: కైలాసగిరి పక్క కొండమీద క్యాష్ పెట్టాను. దాన్ని ఆకాశంలోంచి ఉపగ్రహాలు చూపిస్తాయి. ప్రపంచంలో ఎవరైనా వచ్చి వెతుక్కోవచ్చు. దొరికితే మళ్లీ అక్కడే పెట్టెయ్యాలి. రేపు మా ఓడ వెళ్లిపోతుంది కాబట్టి నువ్వు దాని బాగోగులు చూడాలి.

నేను మా మేనేజర్ని పిలిచాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, ప్రతిదానికీ ముందు భయపడి తర్వాత ఆలోచించేవారు.

"క్యాషా? ఎంత?" అన్నారు.

"ఎంతో చెప్పట్లేదండి. ఎవరైనా తీసుకోవచ్చంటున్నాడు. తీసుకుని మళ్లీ పెట్టెయ్యాలంట."

"మనకొద్దమ్మా. రేపు కస్టమ్స్ వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్తాం? ఉపగ్రహాలు చూశాయని చెప్తామా?"

ఆఫీసరు మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. కాగితం మీద ఒక వెబ్‌సైటు అడ్రసు, రెండు పొడుగాటి అంకెలు రాశాడు. పసుపు యంత్రం నావైపు జరిపాడు. తన దగ్గర కొత్తది ఉందిట. పాతది నాకేనట. నేను వద్దనేలోపు దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్తే మా ఆయన స్టీల్ ప్లాంటు నైట్ డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ, "ఎందుకొచ్చిన గొడవ, ఆఫీసులోనే ఎక్కడో పడేసి రా" అన్నారు. మా వదిన మాత్రం యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతుంటుందంటావమ్మాయ్?" అంది.

"డబ్బు కాదేమో వదినా."

"క్యాష్ అన్నాడంటివిగా?"

మర్నాడు ఆఫీసు కంప్యూటర్లో ఆ వెబ్‌సైటు తెరిచి చూశాను. ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్ అది. ఒక్కో పేజీ పైనుంచి కిందికి తెర దించినట్టు మెల్లగా దిగేది. మేనేజరు వచ్చినప్పుడల్లా మూసేస్తూ, మధ్యాహ్నానికి సగం సంగతి కూడగట్టుకున్నాను. ఆయనన్నది వేరే మాట. పలకడం మాత్రం అచ్చం క్యాష్‌లాగే. ఏదైనా చిన్న డబ్బాలో చిల్లర వస్తువులు వేసి ఎక్కడో దాచిపెడతారు. ఆ చోటు అంకెలు వెబ్‌సైటులో పెడతారు. యంత్రం పట్టుకుని ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి, డబ్బాలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, మళ్లీ అక్కడే దాచి పోతారు. దాన్ని జియోక్యాషింగ్ అంటారు. చదివిందంతా అర్థమైంది. ఎందుకు చేస్తారన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆదివారం పొద్దున్నే నేనూ వదినా బయల్దేరాం. చూసుకోమని అప్పజెప్పాడు కదా, ఒకసారి చూసొస్తే పోతుందనుకున్నాను. బస్సు దిగి, ఆయన రాసిచ్చిన అంకెలు యంత్రంలో కొట్టి కొండెక్కాం. యంత్రం మీద బాణం మొదట బుద్ధిగా దారి చూపించింది. చోటు దగ్గరపడ్డాక దానికేమైందో తెలీదు. నేను కుడికి తిరిగితే అది ఎడమకి తిరుగుతుంది, ఎడమకి నడిస్తే వెనక్కి చూపిస్తుంది. ఒక పెద్ద బండ చుట్టూ నేను గుండ్రంగా తిరుగుతుంటే వదిన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నా వెనకే ప్రదక్షిణాలు చేసింది.

అదే బండ నీడలో ఒక కుటుంబం పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చుంది. విజయనగరం వైపు నుంచి వచ్చారట. వాళ్లలో ఒక ముసలావిడ మమ్మల్ని కాసేపు చూసి, "ఏటమ్మా ఎతకతన్నారు?" అంది.

వదిన తడుముకోకుండా, "దిద్దు పడిపోయిందండి" అనేసింది.

"బంగారవేనా?"

"బంగారమేనండి."

అంతే. పులిహోర పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ లేచిపోయారు. మగవాళ్లు తుప్పలు తప్పించి చూస్తున్నారు. కోడలుపిల్ల చెప్పులు విప్పి అరికాళ్లతో నేల తడుముతోంది. వద్దండీ, పర్లేదండీ అని నేను బతిమాలుతుంటే ముసలావిడకి నా మీద జాలి మరీ ఎక్కువైపోయింది. చేతికర్రతో బండ కిందున్న రాళ్లని ఒక్కొక్కటే పొడుస్తూ పోయింది. టక్కుమని చప్పుడైంది. రాళ్ల సందులోంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా లాగింది.

"ఇదేటిది? ఎవులో అన్నం డబ్బా మర్సిపోనారు" అని మూత తీసింది. లోపల ఒక విజిల్, రబ్బరు కప్ప, ఏదో దేశం నాణెం, పెన్సిలు ముక్క, మడతపెట్టిన కాగితం. ముసలావిడ విజిలు తీసి నోట్లో పెట్టుకుని ఊదింది. కొండమీద అందరూ మావైపు తిరిగారు.

"గుంటల సామాను" అని, పిల్లల ఆటవస్తువులే అనుకుని, అన్నీ మళ్లీ డబ్బాలో వేసి, ఎక్కడ తీసిందో అక్కడే తోసేసింది. ఆ ఆటలో ఆవిడకన్నా నియమంగా ఆడినవాళ్లని నేను తర్వాత కూడా చూడలేదు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "దొరుకుతాదిలేమ్మా. మీ ఊరి అమ్మోరికి మొక్కుకో" అని చెప్పి వెళ్లింది. వాళ్లు మలుపు తిరిగేదాకా వదిన తన రెండు చెవులకీ కొంగు కప్పుకుని నిలబడింది.

వాళ్లు పోయాక డబ్బా తీసి కాగితం విప్పాను. పైన ఆఫీసరు సంతకం. కింద నేను సంతకం పెట్టాను. వదిన కూడా పెడతానంది, పెట్టింది. అప్పుడు నాలో కలిగినదాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలీదు. సంతోషమంటే ఎందుకో చెప్పలేను. మోసపోయినట్టనిపించిందా అంటే, మళ్లీ రావాలని కూడా అనిపించింది.

రెండు మూడు నెలల తర్వాత ఆఫీసులో వెబ్‌సైటు తెరిస్తే మా డబ్బా కింద కొత్త మాటలు కనిపించాయి. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు. 'ఆదివారం వచ్చాను. దొరికింది. కప్ప బాగుంది. గాజు గోళీ పెట్టి పెన్సిలు ముక్క తీసుకున్నాను, కొత్త పెన్సిలు పెట్టాను.' ఆ ఆటలో ఎవరూ సొంత పేరు పెట్టుకోరు. ఏవో మారుపేర్లు. ఇక్కడ రాసినాయన పేరు ఒక పక్షిది.

'ఆయన' అని నేనే అనుకున్నాను. పొట్టి వాక్యాలు, ఆదివారం రావడం చూసి నేవీలో పనిచేసే కుర్రాడై ఉంటాడని తేల్చేసుకున్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగెత్తే పొట్టి క్రాపు కుర్రాళ్లని చూసి ఇతనా, అతనా అని లెక్కలు వేసేదాన్ని. ఈ ఊళ్లో నాలాగే అర్థం లేకుండా రాళ్లు ఎత్తి చూసే మనిషి ఇంకొకరున్నారన్న ధైర్యం మీద నేనూ ఒక డబ్బీ దాచాను. కెమెరా రీలు వచ్చే నల్లడబ్బీ. వన్ టౌన్‌లో మా ఆఫీసు వెనక సందులో, ఒక పాత ఇంటి పిట్టగోడ పగుల్లో పెట్టాను. ఇరుకు సందుల్లో ఆ యంత్రానికి ఆకాశం అందదని నాకప్పటికి తెలీదు. నేను పెట్టిన అంకెలు పక్క వీధివి.

పదిహేను రోజులకి పక్షిగారు రాశారు. 'దొరకలేదు. గోడలు చూస్తూ తిరుగుతుంటే ఒకాయన ఏ ఇల్లు కావాలని అడిగారు. అద్దెకి అని అబద్ధం చెప్పాను. తీసుకెళ్లి రెండు ఇళ్లు చూపించారు. రెండోది బాగుంది.'

ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మేనేజరు తలెత్తి చూశారు. దిద్దులాంటి అబద్ధాలు చెప్పినవాళ్లం మేమొక్కళ్లమే కాదన్నమాట.

అలా ఏడాది పైగా గడిచాక ఫిలిప్పీన్స్ ఆఫీసరు దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఓడ మళ్లీ విశాఖపట్నం వస్తోంది. ఆదివారం పొద్దున్న ఈ ఊళ్లో ఆట ఆడేవాళ్లందరం ఒకచోట కలుద్దాం. వెబ్‌సైటులో చోటు అంకెలు పెట్టాను, అందరికీ చెప్పు. అందరంటే ఎవరో నాకు తెలీదు. వదినకి చెప్పాను. అదీ కాక, పక్షి పేరు పెట్టుకున్న నేవీ కుర్రాడు తప్పకుండా వస్తాడని కూడా చెప్పాను.

"పెళ్లైందో లేదో కనుక్కోవాలి. మా క్లినిక్ పక్కింటివాళ్లు సంబంధాలు చూస్తున్నారు" అంది వదిన.

ఆ ఆదివారం బీచ్ రోడ్డులో ఆటో దిగి, వెబ్‌సైటులోని అంకెలు ఎక్కించిన యంత్రం తీశాను. బాణం సముద్రంవైపు తిరిగి నిలబడింది. దూరం ఎంతో చూస్తే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు కనిపిస్తోంది. యంత్రాన్ని కొట్టి చూశాను. బ్యాటరీలు తీసి మళ్లీ వేశాను. అదే బాణం.

"దూరం సంగతి వదిలెయ్. పాతదైపోయి తిక్క చూపిస్తోంది. బాణం ఎటంటే అటు పోదాం" అంది వదిన.

బాణం సరిగ్గా నీళ్లలోకి కాకుండా కాస్త కుడిగా, దక్షిణానికి చూపిస్తోంది. కాబట్టి ఒడ్డు పట్టుకుని దక్షిణానికి నడిచాం. ఎంత నడిచినా బాణం కదల్లేదు, అంకె పెద్దగా తరగలేదు. అలా పోయిపోయి ఫిషింగ్ హార్బరులో తేలాం. తడి సిమెంటు, ఐసు పెట్టెలు, చేపల గంపలు, బేరాల కేకలు. ఆ గోలలో మేమిద్దరం యంత్రాన్ని ముందుకి చాపి పట్టుకుని, జెట్టీ చివరిదాకా నడిచి ఆగిపోయాం. ఇంకో అడుగు వేస్తే నీళ్లే.

అక్కడ నలభై దాటిన ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే ఆయన బోటు కట్టి ఉంది. మమ్మల్ని చూసి సూది ఆపాడు.

"ఏటమ్మా, బోటెక్కుతారేటి?"

"లేదండి. ఈ చోటు ఎక్కడో తెలీట్లేదు" అని యంత్రం చూపించాను.

"ఓలమ్మ, జీపీయస్సు. మా బోటులోనూ ఉంది. ఏదీ నెంబరు సూపించండి."

చూపించాను. ఆయన తెరమీదకి వంగి అంకెలు చదివాడు. రెండోసారి చదివాడు. మొహంలో నవ్వు పోయింది.

"ఈ నెంబరు మీకెవులిచ్చారు?"

"ఒక ఫ్రెండండి."

"ఏ ఫ్రెండు? ఏ బోటోడు?"

"బోటు కాదండి, ఓడ."

ఆయన లేచి నిలబడ్డాడు. సముద్రం లోపల, అడుగున రాళ్లున్న ఒక చోట చేపలు బాగా పడతాయిట. ఆ చోటు ఆయనే కనిపెట్టాడు. దాని నెంబరు ఆయనకీ, ఆయన బావకీ తప్ప ఎవరికీ తెలీదు. మా యంత్రంలో ఉన్న నెంబరు దానికి కూతవేటు దూరంలో ఉంది.

"మా బావ అమ్మీసినాడేటి?" అని మమ్మల్నే అడిగాడు. "నిజం సెప్పండి. మా బావేనా?"

నేను అయోమయంగా వదినవైపు చూశాను. ఆవిడకి అలవాటైన మాటే నోటికొచ్చింది. "మాకేం తెలీదండి. దిద్దు పడిపోయిందని..."

"సముద్దరంలోనా?"

అప్పటికి నలుగురూ మూగారు. ఆ నలుగురి వెనక, ఐసు పెట్టెల పక్కనుంచి ఒకావిడ మావైపే నడిచొస్తోంది. ఆరెంజి రంగు పంజాబీ డ్రస్సు, తలకి టోపీ. చూపంతా చేతిలోని పసుపు యంత్రం మీదే. యాభై ఏళ్లుంటాయి. తలెత్తి మా వదినని చూసింది. చటుక్కున ఒక ఐసు పెట్టె వెనక్కి తప్పుకుంది. టోపీ మాత్రం పైకి కనిపిస్తూనే ఉంది.

"డాక్టరమ్మా?" అంది వదిన.

టోపీ కదల్లేదు.

"డాక్టరమ్మా! మీరేనా?"

ఆవిడ మెల్లగా బయటికొచ్చింది. వదిన ఏళ్లుగా పనిచేస్తున్న క్లినిక్ డాక్టరు ఆవిడే. నా జ్ఞానదంతం పీకిందీ ఆవిడే. నోట్లో అద్దం పెట్టి 'ఊఁ' అనడం తప్ప ఆవిడ మాట్లాడగా నేను పెద్దగా విన్నది లేదు.

"చేపలు కొందామని వచ్చానమ్మా" అంది డాక్టరు.

"మీరు గుడ్డు కూడా తినరుగా!"

డాక్టరు చూపు నా చేతిలో యంత్రం మీద పడింది. నా చూపు ఆవిడ చేతిలోదాని మీద పడింది. రెండు బాణాలూ ఒకే వైపు, నీళ్లలోకి చూపిస్తున్నాయి.

"పక్షి మీరేనా?" అన్నాను.

ఆవిడ చెవులదాకా ఎర్రబడింది. "వన్ టౌన్‌లో నల్లడబ్బీ దాచింది మీరేనా? అసలు ఎక్కడ పెట్టారండీ అది? మూడుసార్లు వెళ్లాను" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆఫీసరుని ఆ క్లినిక్‌కి పంపింది నేనే. పన్ను పీకే ముందు కుర్చీలో కూర్చుని ఆయన ఆవిడకి కూడా ఇదంతా చెప్పాడు. ఆవిడకి చెప్పినప్పుడు నోరు బాగానే ఉంది కాబట్టి ఆవిడ ముందే అర్థం చేసుకుంది. ఆ వారంలోనే యంత్రం తెప్పించుకుందట. ఏడాదిగా ఆదివారాలు పూజలో ఉంటానని క్లినిక్‌లో చెప్పి కొండలెక్కుతోంది. వదిన ఒకసారి ఆవిడ మొహమూ, ఒకసారి నా మొహమూ చూస్తూ ఉండిపోయింది. నేవీ కుర్రాడి సంబంధం ఆవిడ కళ్లముందే చెదిరిపోయింది.

కానీ బోటాయనకి అనుమానం రెట్టింపయ్యింది. "ఈవిడకీ అదే నెంబరు! ఊరంతా తెలిసిపోనాది!" అని నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. డాక్టరు ఆయనకి నచ్చజెప్పబోయింది.

"ఇది చేపల నెంబరు కాదండి. ఇదొక ఆట. డబ్బా దాస్తాం. ఇంకొకళ్లు వెతుకుతారు."

"దొరికితే?"

"దొరికితే సంతకం పెడతారు."

"ఆనక?"

"మళ్లీ అక్కడే పెట్టేస్తారు."

ఆయన కాసేపు ఆలోచించాడు. చుట్టూ ఉన్నవాళ్లూ ఆలోచించారు.

"మరెందుకూ?" అన్నాడు.

డాక్టరు నావైపు చూసింది. నేను వదినవైపు చూశాను.

డాక్టరు దగ్గర సెల్‌ఫోనుంటే అడిగి మా మేనేజరు ఇంటికి చేశాను. ఆయన అవతల్నుంచి అరిచారు. "ఎక్కడున్నావమ్మా? ఆ ఫిలిప్పీన్స్ ఆయన పొద్దుట్నుంచి బీచ్‌లో ఒక్కడే కూర్చున్నాట్ట. టాక్సీ డ్రైవరు ఫోన్ చేశాడు. రమ్మంటే రాడట, ఎవరికోసమో చూస్తున్నానంటాట్ట. మనిషికేమైనా తేడానా?"

ఆటో ఎక్కాం. బోటాయన కూడా వల అక్కడే పడేసి డ్రైవరు పక్కన ఎక్కేశాడు. తన నెంబరు ఎవడిచ్చాడో కళ్లతో చూడకుండా వదలనన్నాడు.

మేం పొద్దున ఆటో దిగి యంత్రంలో తల దూర్చిన చోటుకి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు ఆఫీసరు. ఇసకలో కూర్చుని ముంతమసాలా తింటున్నాడు. పక్కన అట్టముక్క మీద 'సుస్వాగతం' అని తెలుగులో రాసి ఉంది. ఎవరిచేత రాయించాడో. నలుగురం ఒకేసారి మీద పడేసరికి లేచి నిలబడ్డాడు. డాక్టరుని చూడగానే అలవాటుగా బుగ్గమీద చెయ్యి పెట్టుకున్నాడు.

నా యంత్రం చూపిస్తే చూసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నవ్వాడు. పొరపాటు చిన్నదే. పదిహేడు డిగ్రీల నలభై రెండు నిమిషాలు అని రాయాల్సింది, వెబ్‌సైటులో పదిహేడు పాయింట్ నలభై రెండు అని కొట్టాడు. నాలుగు గంటల ముప్పై నిమిషాలకి రమ్మనబోయి నాలుగు పాయింట్ మూడుకి రమ్మన్నట్టు. రెండూ ఒకటి కావు. ఆ చుక్క మమ్మల్ని బీచ్ మీంచి తీసుకెళ్లి సముద్రం మధ్యలో పడేసింది. ఇరవై ఏళ్లుగా ఓడలు నడుపుతున్న మనిషి అలా ఎలా రాశావయ్యా అంటే ఆయనకీ తెలీదన్నాడు.

ఇదంతా బోటాయనకి తెలుగులో చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. ఆఫీసరు ఇసకలో వేలితో గీతలు గీసి చూపించాడు. చివరికి ఆయన గట్టిగా ఊపిరి వదిలి ఇసకలో కూలబడ్డాడు.

"అయితే మా బావ ఏటీ సెయ్యలేదు."

"ఏం చెయ్యలేదండి."

"నాను ఆటోలో వస్తన్నంతసేపూ ఆడిని ఎన్ని తిట్టుకున్నానో" అని ఆఫీసరు చేతిలోని ముంతమసాలా పొట్లంలో చెయ్యి పెట్టి ఇంత తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం దాకా ఐదుగురం అక్కడే కూర్చున్నాం. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. డాక్టరు తను దొరకబుచ్చుకున్న చోట్లు చెప్పింది. ఆఫీసరు ఎక్కడెక్కడో రేవుల్లో దాచిన డబ్బాల సంగతులు చెప్పాడు. వదిన ఏదీ సరిగ్గా వినలేదు. ఆవిడ బాధ వేరే. డాక్టరుని ఇప్పుడు ఎలా పిలవాలో, పక్కన కూర్చోవచ్చో లేదో ఆవిడకి తెలీట్లేదు. కాసేపు నిలబడింది, కాసేపు కూర్చుంది. చివరికి డాక్టరే చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టింది.

ఆఫీసరు మర్నాడు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒకటి రెండు ఈమెయిళ్లు, ఒక పుట్టినరోజు కార్డు. క్రమంగా అవీ ఆగిపోయాయి. ఆయన వేరే కంపెనీకి మారాడనో, ఓడలు మానేశాడనో అనుకోవడమే తప్ప మాకేం తెలీలేదు. ఆదివారాలు మాత్రం మిగిలాయి. నేనూ డాక్టరూ వదినా కలిసి తిరగడం మొదలుపెట్టాం. సోమవారం నుంచి శనివారం దాకా వదిన ఆవిడకి తలుపు తీసి పట్టుకునేది. ఆదివారం వస్తే, "ఆ టోపీ ఏంటి డాక్టరమ్మా, ఎండు చేపల కొట్టువాడిలాగ" అని గదమాయించేది. శనివారానికీ ఆదివారానికీ మధ్య వదిన ఎలా మారేదో మాకు అంతుపట్టేది కాదు.

బోటాయన కొన్నాళ్ల తర్వాత వన్ టౌన్‌లో మా ఆఫీసు మెట్ల దగ్గర కనిపించాడు. నా కోసమే వచ్చాడట.

"మేడమ్, నానూ ఒక డబ్బా దాసీసినాను."

"భలే! నెంబరు చెప్పండి, పెడతాను."

"నెంబరు సెప్పను."

"చెప్పకపోతే ఎలా వెతకాలండి?"

"సెప్తే ఎవులైనా ఎత్తుకుపోరేటి?"

ఆటంటే నెంబరు చెప్పడమేనని పావుగంట బోధపరిచాను. ఆయన అన్నిటికీ తలూపి, ఆఖరికి కాస్త మెత్తబడి, రెండు అంకెల్లో ఒకటి చెప్పాడు. రెండోది సూద్దాం అన్నాడు. ఒక్క అంకెతో దొరికేది చోటు కాదు, గీత. ఆ గీత సముద్రంలో పుట్టి, రేవు దాటి, ఊరి మధ్యగా ఎక్కడికో పోతుంది. నేనూ డాక్టరూ కొన్ని ఆదివారాలు ఆ గీత పట్టుకుని నడిచాం కూడా. అద్దె ఇళ్లు చాలా చూశాం.

దొరకట్లేదని చెప్తే ఆయన మొదట మురిసిపోయాడు. రాన్రానూ దిగులు పడ్డాడు. ఒకరోజు తనే వచ్చి, పదండి సూపిస్తాను అన్నాడు. హార్బరు పైనున్న దిబ్బమీదకి తీసుకెళ్లాడు. విరిగిపోయిన సిమెంటు దిమ్మ కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి ఉత్తిదే బయటికొచ్చింది. మళ్లీ పెట్టాడు. పడుకుని చూశాడు. డబ్బా లేదు.

"అందులో మా అయ్య వల గుండు పెట్టినాను" అన్నాడు. సీసం గుండు, వల మునగడానికి కట్టేది. ఎవరికీ నెంబరు చెప్పని డబ్బా ఎవరు తీసి ఉంటారో, తీసినవాడికి అది దేనికి పనికొస్తుందో మాకు తోచలేదు. డాక్టరు తన సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి ఇచ్చింది. ఆయన తాగలేదు. సీసా చేత్తో పట్టుకుని దిమ్మ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ఇక మానేస్తాడనుకున్నాను. రెండు వారాలు గడిచాక కొత్త స్టీలు డబ్బాతో మా ఇంటికే వచ్చాడు. దాన్ని తీసుకెళ్లి ఎక్కడో దాచేసి, ఈసారి రెండు అంకెలూ కాగితం మీద రాసి తెచ్చిచ్చాడు. ఆదివారం మేం వెతకడానికి వెళ్తే మాకన్నా ముందే అక్కడున్నాడు.

"ఎతకండి. నాను సెప్పను" అన్నాడు.

చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నిలబడి, ఒక రాతికేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉన్నాడు. డాక్టరు నన్ను మోచేత్తో పొడిచింది. మేమిద్దరం ఆ రాయి తప్ప మిగతా రాళ్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూడసాగాం.